దీపం ఆర్పే మీట ఎక్కడుంది?

మోటారు వాహనాల చరిత్ర రాసినవారందరూ దీపం ఎలా వెలిగిందో రాశారు. నూనె దీపం పోయి ఎసిటిలీన్ వచ్చిందనీ, అది పోయి విద్యుత్తు వచ్చిందనీ, గాజుబుడ్డిలో హాలోజెన్ వాయువు చేరిందనీ, ఆ పిమ్మట జెనాన్, ఎల్.ఇ.డి.లు వచ్చాయనీ ఏ పుస్తకం తెరిచినా వరుసగా కనిపిస్తుంది. వెలిగిన దీపాన్ని ఆర్పే అధికారం ఎవరి చేతిలో ఉండేది, అది ఎప్పుడు ఎవరి చేతికి పోయింది అన్న సంగతి మాత్రం పుటల అంచుల్లో ఎక్కడో ఒక వాక్యంగా మిగిలిపోతుంది. నాకు ఈ రెండవ చరిత్రే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. పాత కారులో తమంతట తామే వెలిగే హెడ్లైట్లను ఆపు చేయడం ఎలా అన్న చిన్న ప్రశ్న వెనుక యుద్ధాలున్నాయి, న్యాయస్థానాలున్నాయి, ఉత్తర ఐరోపా చలికాలముంది. మన విశాఖపట్నం కూడా ఉంది.

తొలి రోజుల్లో దీపం వెలిగించడమే ఒక పని. కాల్షియం కార్బైడు గడ్డల మీద నీటిచుక్కలు పడేలా చిన్న కవాటం తిప్పాలి, వాయువు పుట్టాలి, బండి దిగి ముందుకు వెళ్లి అద్దపు తలుపు తీసి అగ్గిపుల్ల గీయాలి. కార్బైడు దీపం వాసన తెలిసిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అంత శ్రమపడి వెలిగించినవాడు పొరపాటున కూడా దాన్ని మరచిపోడు. 1912 నమూనా క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చింది, దానితోపాటే విద్యుత్ దీపాలూ వచ్చాయి. అక్కడి నుంచి దీపమంటే ఒక మీట. నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. ఎప్పుడు నొక్కాలన్నది డ్రైవరు కంటికీ, బుద్ధికీ వదిలిపెట్టిన విషయం.

ఆ అధికారంలో ప్రభుత్వం గట్టిగా వేలు పెట్టింది మొదట వెలిగించమని చెప్పడానికి కాదు, ఆర్పమని చెప్పడానికి. 1939 సెప్టెంబరు 1న బ్రిటన్‌లో బ్లాకవుటు అమలులోకి వచ్చింది. శత్రు విమానాలకు దారి కనబడకూడదని వీధి దీపాలు ఆర్పేశారు. కార్ల హెడ్లైట్లకు సన్నని చీలికలున్న రేకు ముసుగులు తొడగమన్నారు. బంపర్లకూ, రోడ్డు పక్క అంచురాళ్లకూ, చెట్ల మొదళ్లకూ తెల్లరంగు పూశారు, చీకట్లో గుడ్డిగానైనా ఆనవాలు దొరుకుతుందని. ఫలితం ఏమైంది? 1941లో బ్రిటన్ రోడ్ల మీద 9,169 మంది చనిపోయారు. పెట్రోలుకు రేషను ఉన్న రోజులవి. రోడ్డు మీద తిరిగే బండ్ల సంఖ్య నేటితో పోల్చడానికే రాదు. అయినా ఆ దేశపు రోడ్ల చరిత్రలో అంతమంది మరణించిన సంవత్సరం అంతకుముందూ లేదు, ఆ తరువాతా రాలేదు.

మన తీరం కూడా ఆ చీకటిని చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖకు మరొక చీకటికాలం 1971 డిసెంబరులో వచ్చింది. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఆ తీరానికి దగ్గరలోనే మునిగిపోయిన రోజులవి. మా నాన్నగారు అప్పట్లో అక్కడ ఉద్యోగంలో ఉన్నారు. కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించడం, స్కూటరు హెడ్లైటు పై సగానికి నల్లరంగు పూయడం ఆయన చెప్పగా ఎన్నోసార్లు విన్నాను. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది గాని, హెడ్లైటు పై సగాన నల్లరంగు మాత్రం మన లారీల మీద, బస్సుల మీద చాలా ఏళ్లు నిలిచిపోయింది. ఎదుటివాడి కళ్లల్లో వెలుగు పడకుండా ఉండడానికని తరువాత దానికి వేరే కారణం చెప్పుకున్నాం. ఒక ఆచారం తన అసలు కారణం పోయాక మరొక కారణాన్ని వెతుక్కుని బతకడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డ్రైవరు చేతిలోని మీటను యంత్రం తీసుకోవడం యుద్ధానంతర అమెరికాలో మొదలైంది. 1952 నమూనా ఓల్డ్స్‌మొబైల్, క్యాడిలాక్ కార్లలో జనరల్ మోటార్స్ వారు ఆట్రానిక్ ఐ అనే సాధనాన్ని ప్రవేశపెట్టారు. డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం వెనకాల, చిన్న తుపాకి గొట్టంలా నిలబడి ఉండేది. దాని లోపల కాంతిని పసిగట్టే గొట్టం. ఎదురుగా మరొక కారు వెలుగు కనిపిస్తే తన కారు హెడ్లైట్లను తానే దించేది, ఆ కారు దాటిపోగానే తిరిగి ఎత్తేది. అంతవరకూ ఆ పని డ్రైవరు ఎడమకాలిది. మన అంబాసిడరు నడిపినవారికి చెప్పనక్కరలేదు: క్లచ్చి పక్కన నేల మీద బొత్తాంలాంటి డిప్పరు మీట ఉండేది, కాలితో టక్కుమని నొక్కేవారు. ఆట్రానిక్ ఐ అప్పటికి కాలి పని మాత్రమే తీసుకుంది. పైగా దాని నిర్ణయం నచ్చకపోతే కాలితోనే దాన్ని కాదనే వీలుంచారు. ఈ ఏర్పాటులోని మర్యాద గమనించదగ్గది.

1960లలో క్యాడిలాక్ కార్లకు ట్విలైట్ సెంటినెల్ అనే మరొక సౌకర్యం వచ్చింది. సంధ్యాకాలపు కాపలాదారు అని అర్థం. పేరు పెట్టినవాడిలో కొంత కవి ఉన్నాడు. పొద్దుగూకగానే హెడ్లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. కారు ఆపి తాళం తీసుకున్నాక కూడా ఇంటి గుమ్మం చేరేదాకా కొంతసేపు వెలిగి ఉండి, ఆ పైన ఆరిపోతాయి. నేటి కార్లలో ఆటో అని గుర్తు పెట్టి ఉండే స్విచ్చి స్థానానికి ఇది పెద్ద తాత.

ఈ కన్ను పనిచేసే తీరు కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత కార్లలోని తిప్పలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. డ్యాష్‌బోర్డు మీద అద్దానికి దగ్గరగా గోళీ సగమంత చిన్న ముదురురంగు బుడిపె ఉంటుంది. దాని కింద కాంతిని బట్టి నిరోధం మారే పదార్థం ఉంటుంది. పాతవాటిలో ఎక్కువగా కాడ్మియం సల్ఫైడు. వెలుతురు పడితే విద్యుత్తు సులువుగా పారుతుంది, చీకటి పడితే నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిరోధం ఒక హద్దు దాటితే చీకటి పడిందని యంత్రం తీర్మానించుకుంటుంది. వంతెన కింద నుంచి పోయిన ప్రతిసారీ దీపాలు వెలిగి ఆరకుండా కొన్ని సెకన్ల జాగు కూడా పెట్టారు. ఇప్పుడు ఇరవై ఏళ్లు గడిచాయనుకోండి. బుడిపె ఎండకు మసకబారింది, దుమ్ము పట్టింది, లేదా దాని తీగ ఎక్కడో తెగింది. తెగిన తీగలో విద్యుత్తు పారదు. యంత్రానికి అది కటిక చీకటితో సమానం. కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా హెడ్లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కన్ను పోతే బండి గుడ్డిదై చీకట్లో దీపం లేకుండా పోవడం కంటే, పగటిపూట దీపంతో పోవడం నయం కదా. ఈ అమరికలో లోపం కూడా వెలుగు వైపే మొగ్గుతుంది.

దీని నుంచి ఒక వింత కూడా పుట్టింది. దీపాలు ఆర్పాలని కొత్తవారు మొదట చేసే పని ఆ బుడిపె మీద గుడ్డ కప్పడం. కప్పితే అది చీకటి అనుకుని దీపాలు ఇంకా గట్టిగా వెలిగిస్తుంది. నిజంగా ఆర్పాలంటే దాని మీద చిన్న టార్చిలైటు వేయాలి. రాత్రిపూట దీపం ఆర్పడానికి దీపం పెట్టాలన్నమాట. అమెరికాలో నక్షత్రాలు చూసే ఔత్సాహికులు చేతిలో మెలకువతో ఈ పని చేయడం నేను కళ్లారా చూశాను.

ఇంతవరకూ సౌకర్యం కథ. చట్టం కథ ఉత్తర ఐరోపాలో మొదలవుతుంది, అదీ రాత్రి దీపాల గురించి కాదు, పగటి దీపాల గురించి. ఫిన్లండ్ 1972లో చలికాలంలో ఊళ్ల బయటి రోడ్ల మీద పగలు కూడా దీపాలు వెలిగించి నడపాలని ఆదేశించింది. హెల్సింకి అరవయ్యో అక్షాంశం మీద ఉంటుంది. డిసెంబరులో అక్కడ సూర్యుడు లేచీ లేవక ముందే క్షితిజం వెంట పాకి పడుకుంటాడు. పగలంతా మనకు అసురసంధ్యలాంటి వెలుగే. స్వీడన్ 1977 అక్టోబరు 1 నుంచి ఏడాది పొడవునా, అన్ని రోడ్ల మీదా దీపాలు తప్పనిసరి చేసింది. తరువాత నార్వే, ఐస్లండ్, 1990 అక్టోబరులో డెన్మార్కు అదే దారి పట్టాయి. చట్టం మొదట మనిషికి చెప్పింది, నువ్వు దీపం వెయ్యి అని. మనిషి మరచిపోతాడు. కారు ఆపాక ఆర్పడం కూడా మరచిపోతాడు, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. అందుకని స్వీడన్ కార్ల తయారీదారులు ఇంజను తిరిగితే దీపం వెలిగేలా, ఇంజను ఆగితే ఆరేలా తీగలు అమర్చారు. మీటలో ఆరిపోయే స్థానం అలా అంతరించింది.

ఇది ప్రాణాలు కాపాడిందా? ఇక్కడ లెక్కలు చూసేవాళ్లు ఏకాభిప్రాయానికి రాలేదు. స్వీడన్ చట్టానికి ముందూ తరువాతా జరిగిన ప్రమాదాలను పోల్చి 1981లో అక్కడి పరిశోధకులు ప్రయోజనం ఉందన్నారు. 1995లో థీవెస్, రీమెర్స్మా అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు అవే అంకెలను మళ్లీ తిరగేసి, ఆ లెక్క నిలవదని వాదించారు. మరుసటి ఏడాది నార్వేకు చెందిన రూనె ఎల్విక్ అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, దీపాలున్న కార్లు పగటిపూట ఇతర వాహనాలతో ఢీకొనే ప్రమాదాలు పది, పదిహేను శాతం తగ్గుతాయని తేల్చారు. ఎల్విక్ లెక్క నాకు నమ్మదగినదిగానే తోస్తుంది, అయితే అది ఉత్తరపు వెలుతురుకు. పదిహేడో అక్షాంశంలో, మే నెల హైదరాబాదు ఎండలో అదే అంకె వస్తుందని నేను ఒప్పుకోలేను.

బ్రిటన్ వారు మధ్యేమార్గం ఒకటి వెతికారు, అది వారి అలవాటే. డిమ్-డిప్ అనే ఏర్పాటు. ఊళ్లో వీధిదీపాల కింద చిన్న పార్కింగు దీపాలతో నడిపేవారు అక్కడ చాలామంది. ఆ దీపాలు కనబడవు, పూర్తి హెడ్లైట్లు వేస్తే కళ్లు చెదురుతాయి. కాబట్టి ఇంజను నడుస్తుండగా పార్కింగు దీపాలు వేస్తే హెడ్లైట్లు తగ్గు కాంతితో వెలిగేలా చేయాలని, 1987 ఏప్రిల్ 1 నుంచి రోడ్డెక్కే కొత్త వాహనాలకు నియమం పెట్టారు. ఐరోపా కమిషను దీని మీద దావా వేసింది. దీపాల విషయంలో ఐరోపాకంతటికీ ఉమ్మడి నియమావళి ఉండగా, అందులో లేని దీపం పెడితే తప్ప అమ్మనివ్వమని ఒక దేశం అనడానికి వీల్లేదని. 1988లో ఐరోపా న్యాయస్థానం కమిషను పక్షానే తీర్పు చెప్పింది. మంచి ఆలోచన, కొత్తగా వచ్చింది, కోర్టులో ఓడింది. ఆ ఏళ్ల బ్రిటిషు కార్లలో ఆ తీగలు మాత్రం మిగిలిపోయాయి, ఎందుకున్నాయో తెలియక తలగోక్కునే మెకానిక్కుల కోసం.

అట్లాంటిక్ అవతల మొదట కదిలింది కెనడా. 1989 డిసెంబరు 1 తరువాత తయారైన ప్రతి కొత్త వాహనానికీ పగటి దీపాలు ఉండాలన్నారు. అమెరికాలో కొన్న కారును కెనడాకు తీసుకుపోయి నమోదు చేయించాలంటే, అది లేకపోతే పెట్టించుకోవలసిందే. అక్కడికి ఉద్యోగం మారిన మనవాళ్లలో కొందరికి ఈ అనుభవం ఉంది. పక్క దేశంలో ఒకరు ఆ దీపం తీయించుకోవడానికి తిప్పలు పడుతుంటే, సరిహద్దు ఇవతల మరొకరు పెట్టించుకోవడానికి డబ్బు కడుతుంటారు. జనరల్ మోటార్స్ రెండు దేశాలకూ ఒకే రకం కారు అమ్ముకోవాలని చూసింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టాలు అందుకు అడ్డం వచ్చాయి. ఆ సంస్థ అర్జీ మీద రహదారి భద్రతా సంస్థ 1993లో పగటి దీపాలను అనుమతిస్తూ నియమం సవరించింది. గమనించాలి, అనుమతించింది గాని తప్పనిసరి చేయలేదు. 1995 నమూనా కార్లతో మొదలుపెట్టి 1997 నాటికి ఆ సంస్థ తన కార్లన్నిటికీ వాటిని పెట్టేసింది.

పెట్టిన విధానం చౌకగానూ తెలివిగానూ ఉండేది. ప్రత్యేకించి కొత్త దీపమెందుకు? ఉన్న హై బీము బల్బులు రెంటినీ ఒకే వరుసలో కలిపేస్తే పన్నెండు వోల్టులు చెరి సగం పంచుకుంటాయి. సగం వోల్టేజి ఇస్తే బల్బు సగం వెలుగు ఇస్తుందనుకుంటాం, కాదు. తంతువు బల్బుల్లో కాంతి వోల్టేజికి ఇంచుమించు మూడున్నర ఘాతంగా మారుతుంది. సగం వోల్టేజికి వచ్చేది దాదాపు పదో వంతు వెలుగు. అయితే హై బీము పదో వంతైనా నేరుగా ఎదుటివాడి కళ్లలోకే చూస్తుంది. నియమం ప్రకారం కింది ఎత్తున ఉన్న హై బీముకు ఏడువేల క్యాండెలాల వరకూ అనుమతి ఉండేది. ఐరోపాలో పగటి దీపానికే విడిగా ఏర్పరచిన ప్రమాణంలో హద్దు 1200. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అద్దంలో వెనక కారు వెలుగు పడి కళ్లు జిగేలుమంటున్నాయని జనం ఉత్తరాలు రాశారు. 1998లో హద్దును బాగా తగ్గించాలని భద్రతా సంస్థ ప్రతిపాదించింది, 2004లో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకుంది. ఈలోగా 2001లో అసలు ఈ దీపాలను దేశమంతా తప్పనిసరి చేయమని జనరల్ మోటార్స్ మరొక అర్జీ పెట్టింది. ప్రభుత్వ అధ్యయనంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రయోజనం లెక్కకు అందలేదు, 2009లో ఆ అర్జీని తోసిపుచ్చారు. చలికాలపు స్వీడన్ వెలుగు, టెక్సాస్ వెలుగు ఒకటి కాదని నేను పైన అన్నది ఇక్కడ కొంత రూఢి అయిందనుకుంటాను.

మా మేనల్లుడు ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, 1990ల చివరి నాటి ఒక అమెరికన్ కారు కొన్నాడు. స్విచ్చి ఎటు తిప్పినా దీపాలు పూర్తిగా ఆరవు. వాడికి విశ్వవిద్యాలయ ఖగోళ బృందంతో చీకటి మైదానాలకు పోయే పిచ్చి. పది మంది టెలిస్కోపులు పెట్టుకుని, కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట కూర్చున్నాక, ఆలస్యంగా వచ్చిన వీడి కారు మైదానమంతా వెలిగిస్తే వాళ్లు ఏమంటారో ఊహించుకోవచ్చు. "మామయ్యా, ఆ ఫ్యూజు పీకి పారేస్తాను, ఏమైనా అవుతుందా?" అని ఫోనులో అడిగాడు. "పీకేముందు ఏది పీకుతున్నావో తెలుసుకోరా" అన్నాను.

ఎందుకంటే ఆ కాలపు కార్లలో రెండు వేర్వేరు వ్యవస్థలు ఒకే తీగల గుంపులో కలిసి ఉంటాయి. ఒకటి పగటి దీపం: ముందు మాత్రమే వెలుగుతుంది, తగ్గు కాంతితో, వెనక ఎర్రదీపాలు వెలగవు. రెండవది సంధ్యాకాలపు కాపలా: కన్ను చీకటిని చూశాక ముందువీ వెనుకవీ అన్నీ పూర్తిగా వెలిగిస్తుంది. మొదటిది ఆపితే పోయేది కొంత పగటి కనబాటు. రెండవది ఆపి మొదటిది ఉంచితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి ముందు రోడ్డు మీద మసక వెలుగు పడుతూనే ఉంటుంది, ఊళ్లో వీధిదీపాలూ ఉంటాయి, నడిపేవాడు దీపాలు వేసే ఉన్నాననుకుంటాడు. వెనక నుంచి చూస్తే నల్లని కారు నల్లని రోడ్డు మీద. ఒక నవంబరు సాయంత్రం వానలో నేను హైవే మీద అరవై మైళ్ల వేగంతో పోతుండగా, నా దీపాల వెలుగులో అకస్మాత్తుగా ఒక ట్రంకు డిక్కీ ప్రత్యక్షమైంది. మధ్యన నాలుగు కార్ల దూరం లేదు. పక్క వరుస ఖాళీగా ఉంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. దాటుతూ చూస్తే దాని ముందు దీపాలు రెండూ చక్కగా వెలుగుతున్నాయి. ఎవరో పెద్దావిడ, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఎంతో జాగ్రత్తగా నడుపుతోంది. ఇంగ్లీషులో ఇలాంటివాటిని దయ్యపు బండ్లంటారు. కెనడా ప్రభుత్వం 2021 సెప్టెంబరు నుంచి తయారయ్యే వాహనాలకు దీనికోసమే కొత్త నియమం పెట్టింది. పగటి దీపంతోపాటు వెనక దీపాలూ వెలగాలి. లేదా చీకట్లో అన్నీ వాటంతట అవే వెలగాలి. అదీ కాకపోతే డ్యాష్‌బోర్డు చీకటిగా ఉండాలి, నడిపేవాడికి అనుమానం రావడానికి. ఈ మూడో మార్గం నాకు చాలా నచ్చింది. మనిషికి వెలుగు కంటే చీకటే ఎక్కువ సమాచారం ఇచ్చే సందర్భమిది.

కాబట్టి మేనల్లుడికి చెప్పిన క్రమం ఇది. ముందు డబ్బు ఖర్చు లేనిది చూడు: చాలా పాత కార్లలో ఇంజను వేయకముందే పార్కింగు బ్రేకు ఒక మెట్టు లాగితే పగటి దీపాలు వెలగవు. మైదానానికి చేరేముందు ఒకసారి ఆపి, బ్రేకు ఒక మెట్టు లాగి మళ్లీ స్టార్టు చేసి, నడక వేగంతో లోపలికి పోతే చాలు. ఆ మెట్టులో బ్రేకు పట్టుకోవడం లేదని నిర్ధారించుకో, లాగిన బ్రేకుతో రోడ్డెక్కితే డ్రమ్ములు కాలిపోతాయి. అది కుదరకపోతే యజమాని పుస్తకంలో ఫ్యూజుల పటం చూసి పగటి దీపాల రిలే విడిగా ఉందో, హై బీముతో కలిసి ఉందో చూడు. విడిగా ఉంటే రిలే తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టు, పారేయకు. కలిసి ఉంటే ముట్టుకోకు. కొంచెం కొత్త కార్లలో దీపాలను నడిపేది ఒక కంప్యూటరు పెట్టె, అక్కడ ఒక ఫ్యూజు తీస్తే నాలుగు పనులు ఆగుతాయి. కాపలా కన్ను జోలికి మాత్రం పోవద్దు, మైదానంలో దాని మీద చిన్న టార్చి చాలు. తీసిన ప్రతిసారీ కారు వెనక్కి నడిచి వెళ్లి ఎర్రదీపాలు చూసుకో. చట్టం మాటకొస్తే, అమెరికా సమాఖ్య చట్టం భద్రతా సామగ్రిని పాడు చేయకూడదని నిషేధించింది తయారీదారులనూ, డీలర్లనూ, మరమ్మతు దుకాణాలనూ. సొంత కారు యజమాని ఆ జాబితాలో లేడు. రాష్ట్రాల నియమాలు వేరు, అవి చూసుకోవాలి. కెనడా సరిహద్దు దాటేటట్లయితే రిలే మళ్లీ తగిలించుకోమన్నాను.

వాడు రిలే తీశాడు. బృందంవాళ్లు సంతోషించారట. వాళ్లమ్మ మాత్రం, అంటే మా అక్కయ్య, అనకాపల్లి నుంచి ఫోను చేసి నన్ను కేకలేసింది, పిల్లాడి కారుకు దీపాలు పీకించావట కదా అని. పగటి దీపానికీ రాత్రి దీపానికీ తేడా ఆవిడకు వివరించడం అమెరికా భద్రతా సంస్థకు అర్జీ పెట్టడం కంటే కష్టమైంది.

ఐరోపా చివరికి అందరికీ ఒకే నియమం తెచ్చింది. 2011 ఫిబ్రవరి నుంచి కొత్త నమూనా కార్లన్నిటికీ ప్రత్యేక పగటి దీపాలు తప్పనిసరి. దానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆస్ట్రియా 2005 నవంబరులో పగటి దీపాలను తప్పనిసరి చేసి, 2008 జనవరి నుంచి రద్దు చేసుకుంది. దీపాలున్న కార్ల మధ్య దీపం లేని పాదచారీ, సైకిలు తొక్కేవాడూ చూపుకు ఆనడం తగ్గుతుందన్నది అక్కడ బలంగా వినిపించిన వాదన. మోటారు సైకిళ్లవారు అంతకు చాలా ముందు నుంచే ఆ మాట అంటున్నారు: పగలు దీపం వేసుకుని తిరిగే ఆనవాలు మాది ఒక్కటే, అందరూ వేసుకుంటే మేమెక్కడ కనబడతాం అని. నాకిది కొట్టిపారేయదగ్గ మాటగా తోచదు. చూపు అనేది పంచుకుంటే తరిగే సొమ్ము.

మన దేశం కార్ల వైపు పోకుండా సరిగ్గా ఆ రెండు చక్రాల బండ్ల దగ్గరే మొదలుపెట్టింది. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజను తిరుగుతున్నంతసేపూ హెడ్లైటు వెలిగే ఉండాలి, ఆర్పే మీట ఉండకూడదు. మన రోడ్ల మీద ఎక్కువగా చనిపోయేది వాళ్లే కాబట్టి ఈ ఎంపిక సబబైనదే. అయినా విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఏ మెకానిక్కు షెడ్డుకు వెళ్లినా ఒక చిన్న స్విచ్చి పెట్టి దాన్ని ఆపి ఇస్తారు. బ్యాటరీ పోతుందని ఒకరు, పగలు లైటెందుకని మరొకరు. అడిగితే చాలామంది చెప్పే అసలు కారణం వేరు, ఎదురొచ్చేవాళ్లు ఊరుకోవడం లేదని.

మన రోడ్ల మీద హెడ్లైటు ఒక భాష. లారీల వెనక రాత్రి డిప్పరు వాడండి అని ఊరికే రాయలేదు. ఒకసారి కొడితే నేనొస్తున్నాను నువ్వాగు అని, మరికొన్ని దేశాల్లో అదే సైగకు నువ్వు ముందు పో అని. ఎప్పుడూ వెలిగే దీపంతో మాట్లాడటం కష్టం. ఆ భాషలో ఇంకొక చేతి సైగ ఉండేది. పట్టపగలు ఎవరైనా పొరపాటున లైటు వేసుకుని పోతుంటే, ఎదురొచ్చే ముక్కూముఖం తెలియని మనిషి అరచెయ్యి ఎత్తి వేళ్లు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి చూపించేవాడు, నీ బ్యాటరీ అయిపోతుంది నాయనా అని. ఏ చట్టమూ చెప్పకుండా, ఏ ప్రతిఫలమూ లేకుండా చేసే పని. 2017 తరువాత కొన్నేళ్లపాటు కొత్త బండివాళ్లు ఆ సైగకు ఏం జవాబు చెప్పాలో తెలియక తల ఊపి నవ్వి పోయేవారు. గత సంక్రాంతికి ఏలూరు నుంచి భీమవరం దాకా మా తమ్ముడి బండి మీద వెనక కూర్చుని వెళ్లాను. దారిలో ఒక్క ముసలాయన, పాత సైకిలు మీద, ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని కుడిచెయ్యి ఎత్తి వేళ్లు ముడిచి తెరిచాడు. మా తమ్ముడు హారను కొట్టి చెయ్యి ఊపాడు.